లెన్సు సాగదీసే ముందు

బంగారుపేటలో పెండ్లి ఫొటోలు తీసే మన పిల్లోళ్లు, హిందూపురం దగ్గర వీరాపురం కొంగల్ని తీయాలని టెలికన్వర్టరు కొంటామంటున్నారు. తమ్ముళ్లూ, ఒక లెక్క చూడండి. 70–300 జూముకు 1.4 రెట్లది పెడితే 300 పోయి 420 అవుతుంది, వెలుతురు సగమవుతుంది. 2 రెట్లదైతే 600, వెలుతురు నాలుగో వంతే. మిల్లులో దారం సాగదీస్తే పొడుగయ్యేకొద్దీ సన్నబడదా, అట్లే ఇదీ. 5.6 అపర్చరు 11కు పోతుంది, చాలా కెమెరాలు ఫోకస్ పట్టలేక తడుముకుంటాయి. అన్ని లెన్సులకూ ఇది కూర్చోదు, వెనక అద్దానికి తగిలితే లెన్సే పాడు. 2.8 జూము ఉన్నోళ్లకు 1.4ది మేలు. అప్పు చేసి మాత్రం కొనొద్దు. ముందు ఒకరోజు బాడుగకు తెచ్చి, మీ కెమెరాకే బిగించి, సాయంత్రం పూట తీయండి. ఫొటో పెద్దది చేస్తే పిట్ట కన్ను తేటగా ఉందా, అప్పుడు డబ్బు కట్టండి.