కొండ కింద ఫైబర్, కొండ మీద రీఛార్జ్

ముందు ఒక లెక్క వేద్దాం. కాగితం పెన్ను తీసుకోండి, లేదంటే చేతిలో ఫోన్ ఎలాగూ ఉంది కదా.

ఇంట్లో నాలుగు ఫోన్లు ఉన్నాయనుకోండి. 2024 జులైలో కంపెనీలన్నీ ఒకేసారి రేట్లు పెంచాయి, గుర్తుందా? రోజుకి ఒకటిన్నర జీబీ వచ్చే 28 రోజుల ప్యాక్ జియోలో 239 నుంచి 299 అయింది. నాలుగు ఫోన్లకి 1,196 రూపాయలు. 28 రోజులంటే నెల కాదు కాబట్టి ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు వెయ్యాలి. మొత్తం 15,548 రూపాయలు.

ఇప్పుడు ఫైబర్ లైన్ ఉన్న పట్నం ఇల్లు చూడండి. 399 ప్లాను, 18 శాతం జీఎస్టీతో 471. ఏడాదికి సుమారు 5,650. ఇంట్లో వైఫై ఉంది కాబట్టి నాలుగు ఫోన్లకీ 189 చిన్న ప్యాక్ చాలు. అది 13 సార్లకి 9,828. రెండూ కలిపితే 15,478.

చూశారా? కొండ మీద ఇంటికీ పట్నం ఇంటికీ ఖర్చు ఒక్కటే. మనకి నాలుగు ఫోన్లకీ కలిపి వచ్చేది 28 రోజులకి 168 జీబీ. వాళ్లకి ఆ ఒక్క లైన్ మీదే నెలకి 3,300 జీబీ, దాదాపు ఇరవై రెట్లు. మన 168 కూడా కాగితం మీద లెక్కే. సిగ్నల్ కోసం రాయి ఎక్కి నిల్చుంటే ఎంత వాడగలం?

ఇంకో రకంగా చూద్దాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. ఆ 15,548 అంటే యాభై రోజుల కూలి. అందుకే ఏ గూడెంలోనూ నాలుగు ఫోన్లూ ఒకేసారి రీఛార్జ్‌తో ఉండవు. తమ్ముడి పరీక్షలప్పుడు అక్క ఫోన్ ఆగిపోద్ది. అప్లికేషన్ టైములో అక్కకి వేస్తే అమ్మ ఫోన్ ఆగిపోద్ది. పేదోడు డేటాకి తక్కువ కట్టడం లేదు. సరిగ్గా అంతే కట్టి, తక్కువ తీసుకుంటున్నాడు. నెట్ గురించి మన వాదన ఇక్కడి నుంచి మొదలవ్వాలి.

నేను అక్కుపల్లి నుంచి రాస్తున్నాను. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు మహేంద్రగిరి. మధ్యలో 16వ నంబరు జాతీయ రహదారి, హౌరా–చెన్నై రైలు మార్గం. రైల్వే వాళ్ల సంస్థ రైల్‌టెల్ ఫైబర్ వేసుకున్నది పట్టాల పక్కనే. అంటే దేశాన్ని కలిపే వెలుగు దారి మన పలాస మీదుగానే పోతోంది. అది కొండ వైపు ఎందుకు తిరగదు? మందస, మెళియాపుట్టి కొండల్లో సవర గూడేలు రోడ్డు నుంచి ఏమంత దూరం? దూరం కిలోమీటర్లలో లేదు, కంపెనీ లాభం లెక్కలో ఉంది. పది కిలోమీటర్లు కేబుల్ లాగితే పట్నంలో వెయ్యి ఇళ్లు దొరుకుతాయి, కొండ మీద ముప్పై ఇళ్లు దొరుకుతాయి. వ్యాపారం ముప్పై ఇళ్ల కోసం కొండ ఎక్కదు. దాన్ని ఎక్కించాల్సింది ప్రభుత్వం.

ప్రభుత్వం ప్రయత్నించలేదా? ప్రయత్నించింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగారు. ఖర్చు తగ్గింది, పని వేగంగా అయింది. ఆ ఆలోచన మంచిదే. 149 అన్న ఆ ఒక్క అంకె, నెట్ అనేది పేదోడి ఇంట్లో కూడా ఉండొచ్చని ఈ రాష్ట్రానికి మొదటిసారి చెప్పింది.

కానీ స్తంభం మీద కేబుల్ అంటే స్తంభం ఉన్నంత వరకే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరం దాటిన రాత్రి ఉద్దానం ఏమైందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ వరసగా పడిపోయాయి. స్తంభం పడితే దాని మీదున్న తీగలన్నీ పడతాయి. తుపాను వచ్చిన రోజే కదా కబురు ఎక్కువ అవసరం! చవగ్గా వేసిన లైన్ మనలాంటి తీరంలో పదేపదే తెగే లైన్ కాకూడదు. తీరం వెంబడి కొంత దూరమైనా భూమిలో వెయ్యాలి, ఒక దారి తెగితే ఇంకో దారి ఉండాలి.

ఇప్పుడు కొత్త టెక్నాలజీల సంగతి. ప్రకటనలు చూసి మురిసిపోయే ముందు ఒక్కొక్కటీ మన కొండకి పనికొస్తుందా అని అడుగుదాం.

మొదటిది ఎయిర్‌ఫైబర్. 2023లో ఎయిర్‌టెల్ ఆగస్టులో, జియో సెప్టెంబరులో మొదలుపెట్టాయి. తీగ ఉండదు, 5జీ టవర్ నుంచి సిగ్నల్ ఇంటి మీద డబ్బాకి వస్తుంది. జియో మొదటి ప్లాను 30 ఎంబీపీఎస్‌కి 599, పన్నుతో 707. బాగానే ఉంది, కానీ దగ్గర్లో 5జీ టవర్ ఉండాలి, మధ్యలో కొండ అడ్డం ఉండకూడదు. 4జీ కోసమే చెట్టెక్కే ఊరికి ఇది ఏటి ఉపయోగం? పేరులో గాలి ఉంది గానీ ఆ టవర్‌కి కూడా వెనకాల ఫైబర్ కావాల్సిందే.

రెండోది వెలుగు కిరణాలతో నెట్. 2017 డిసెంబరులోనే గూగుల్ వాళ్ల ఎక్స్ సంస్థ మన రాష్ట్రంతో ఒప్పందం చేసుకుంది. కేబుల్ వెయ్యలేని చోట ఒక ఎత్తు నుంచి ఇంకో ఎత్తుకి కాంతి కిరణంతో డేటా పంపే 2,000 లింకులు అన్నారు. నదులు, అడవులు అడ్డొచ్చే చోటికి సరిపోయే ఆలోచనే. దీనికి మాత్రం రెండు చివర్లూ ఒకదానికొకటి కనపడాలి, దట్టమైన పొగమంచు పట్టకూడదు. మన కొండల్లో చలికాలం పొద్దుట ఎలా ఉంటుందో మీకు తెలుసు.

మూడోది శాటిలైట్. స్టార్‌లింక్‌కి 2025 జూన్‌లో టెలికాం లైసెన్సు, జులైలో అంతరిక్ష అనుమతి వచ్చాయి. ఆకాశం కనపడితే చాలు, కొండా లోయా తేడా లేదు. మన గూడేలకి నిజంగా సరిపోయేది ఇదే అనిపిస్తుంది. ధర చూడండి మరి. మన పక్క దేశం భూటాన్‌లో 2025 ఫిబ్రవరిలో మొదలైంది. అక్కడ చిన్న ప్లానే నెలకి 3,000 ఎన్‌గుల్త్రమ్. వాళ్ల డబ్బు, మన రూపాయి విలువ ఒక్కటే. డిష్ ఖర్చు అదనం. ఏ సవర కుటుంబం నెలకి మూడు వేలు కడుతుంది? ఒక్కో ఇంటికి కాదు. బడికో, అంగన్‌వాడీకో ప్రభుత్వం పెట్టి, దాన్నుంచి ఊరంతటికీ వైఫై ఇస్తేనే అర్థం ఉంటుంది.

అంటే టెక్నాలజీ మారుతున్నా ప్రశ్న మారడం లేదు. ఖర్చు ఎవరు భరిస్తారు?

దీనికి డబ్బు లేదని ఎవరైనా అంటే నమ్మకండి. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం, నెట్ అందని ఊళ్ల కోసమే ఒక నిధికి పోతుంది. దాని కొత్త పేరు డిజిటల్ భారత్ నిధి. మనం వేసే ప్రతి రీఛార్జ్‌లో ఆ వాటా ఉంది. 2023 ఆగస్టులో కేంద్రం సవరించిన భారత్‌నెట్‌కి 1,39,579 కోట్లు ఒప్పుకుంది. డబ్బు ఉంది. లేనిది మన పేరు.

పేరు ఎలా పోతుందో చెప్తాను. 2021 నవంబరులో ఐదు రాష్ట్రాల్లోని 44 ఆకాంక్షిత జిల్లాల్లో 7,287 ఊళ్లకి 4జీ ఇస్తామన్నారు. మన రాష్ట్రం నుంచి ఆ జాబితాలో ఉన్నవి విశాఖపట్నం, విజయనగరం, కడప. శ్రీకాకుళం లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. సీతంపేట ఐటీడీఏ పార్వతీపురం మన్యంలోకి వెళ్లిపోయింది. మందస, మెళియాపుట్టి వైపు ఆదివాసీలు శ్రీకాకుళంలోనే మిగిలారు, ఐటీడీఏ ఆఫీసు పక్క జిల్లాది అయింది. పైగా ఈ వైపు చాలా ఊళ్లు ఐదో షెడ్యూల్ బయట ఉన్నాయి. ఏజెన్సీ అని లెక్కేసినప్పుడు మనం ఉండం. మైదానం అని లెక్కేసినప్పుడూ ఉండం. పథకం వచ్చి వెళ్లిపోతుంది, మనం రెండు కాగితాల మధ్యలో ఉండిపోతాం.

"రోడ్డు లేదు, డోలీల్లో మోస్తున్నాం, మీకు ఇంటర్నెట్ కావాలా?" అని మన పెద్దలే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా అక్కడే ఉంది, మావయ్యా. డోలీ కట్టే ముందు 108కి ఫోన్ వెళ్లాలి కదా. ఉపాధి పనికి 2023 జనవరి 1 నుంచి హాజరు యాప్‌లోనే, ఫొటో అప్‌లోడ్ కాకపోతే చేసిన పనికి కూలి చిక్కుల్లో పడుతుంది. రేషన్‌కి వేలిముద్ర, పింఛనుకి ముఖం, స్కాలర్‌షిప్‌కి ఓటీపీ. నెట్ కావాలని మనం అడగక ముందే ప్రభుత్వమే మన హక్కులన్నీ తీసుకెళ్లి నెట్ వెనకాల పెట్టింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. రోడ్డు ముందా, నెట్ ముందా అని మనల్ని తేల్చుకోమనడమే అన్యాయం. పట్నం వాళ్లని ఎవరైనా అలా అడిగారా?

ఇక ఏం చెయ్యాలి? నా మాటగా నాలుగు చెప్తాను.

ఒకటి, గ్రామసభ తీర్మానం. కొత్త భారత్‌నెట్‌లో పంచాయతీ కేంద్రం కాని ఊళ్లకి లైన్ "అడిగితే" ఇస్తారు. ఆ మాటని వదలొద్దు. అడిగినట్టు కాగితం ఉండాలి. రెవెన్యూ గ్రామం పేరు ఒక్కటే రాస్తే కింద ఊరికి లైన్ వేసి అయిపోయిందంటారు. ప్రతి గూడెం పేరు, ఇళ్ల సంఖ్య విడివిడిగా రాయించండి.

రెండు, అడవి సాకు ఒప్పుకోవద్దు. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చదవండి. బడి, అంగన్‌వాడీ, తాగునీటి పైపులతో పాటు కరెంటు, టెలికాం లైన్లకి కూడా హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. దానికి గ్రామసభ సిఫారసు కావాలి. అంటే తాళం మన చేతిలోనే ఉంది. షెడ్యూల్డ్ ఏరియా బయట కూడా ఈ చట్టం వర్తిస్తుంది.

మూడు, ఊరి వైఫై. 2020 డిసెంబరులో వచ్చిన పీఎం వాణి పథకంలో చిన్న కిరాణా కొట్టు కూడా లైసెన్సు లేకుండా వైఫై అమ్ముకోవచ్చు. అలాంటి కొట్లకి మామూలు ఇంటి లైన్ ధరకి రెండింతలు మించి వసూలు చెయ్యకూడదని 2025 జూన్‌లో ట్రాయ్ హద్దు పెట్టింది. మన మహిళా సంఘాలు ఇది నడపలేవా?

నాలుగు, ధర. కేరళ 2023 జూన్‌లో కేఫోన్ మొదలుపెట్టినప్పుడు మామూలు ఇళ్లకి 299, పేద ఇళ్లకి ఉచితం అంది. మనం కూడా ఆదివాసీ ఇంటికి ఉచిత లైన్ అడగాలి. బడికి, హాస్టల్‌కి, ఆరోగ్య ఉపకేంద్రానికి ముందు ఇమ్మనాలి. వాటికి సోలార్ బ్యాటరీ తప్పనిసరి. కరెంటు పోతే ఇంట్లో ఫైబర్ డబ్బా కూడా ఆగిపోద్ది.

ఇంకో మాట. 2023 జనవరిలో మన దేశం బ్రాడ్‌బ్యాండ్ అనడానికి కనీస వేగాన్ని 2 ఎంబీపీఎస్ చేసింది. అమెరికా 2024లో దాన్ని 100 చేసుకుంది. రేపు మన గూడేనికి 2 ఇచ్చి "ఇచ్చేశాం" అని రిపోర్టు రాసుకోవచ్చు. కాబట్టి తీర్మానంలో వేగం కూడా అంకెల్లో రాయండి.

మీ ఊళ్లో ఎన్ని ఇళ్లు, ఎన్ని ఫోన్లు, నెలకి రీఛార్జ్‌కి ఎంత పోతోంది, సిగ్నల్ ఎక్కడ దొరుకుతోంది. ఈ నాలుగూ ఈ ఆదివారం ఇల్లిల్లూ తిరిగి రాయండి. రెండు గంటల పని. మన లెక్క మన దగ్గర ఉంటే, వచ్చే గ్రామసభలో "మీ ఊరు లిస్టులో లేదు" అనే ఆఫీసర్ ముందు పెట్టడానికి మన లిస్టు ఉంటుంది.