సంత మైకుకు కళ్లెం ఎవరు వేయాలి?

అరకులోయ సంతలో ఒక పక్క చింతపండు, పసుపు, పిప్పళ్ల బేరం సాగుతుంటే, ఇంకో పక్క మైకు మోగుతుంటుంది. మోకాళ్ల నొప్పులకు నూనె, చక్కెర జబ్బుకు పొడి, మసక చూపుకు చుక్కలు. ముందు ఎవరో ఒక అవ్వను కూర్చోబెట్టి ఉచితంగానే మోకాలికి నూనె రాస్తారు. నలుగురూ చూస్తుండగా, కాలు పట్టి మర్దన చేసిన మనిషి సీసా చేతిలో పెడితే వద్దని లేచి వెళ్లడం ఎలా? అక్కడ అమ్ముడయ్యేది నూనె కాదు, మొహమాటం. పింఛను అందిన వారమైతే ఆ మొహమాటానికి ధర ఇంకాస్త ఎక్కువ.

కీళ్లవాతం, మధుమేహం, కంటిశుక్లం నయం చేస్తామని మందుకు ప్రచారం చేయడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. నోటిమాటగా చేసే ప్రకటన కూడా ఆ చట్టం దృష్టిలో ప్రచారమే. అంటే సంత మైకు డెబ్బై ఏళ్లుగా చట్టం పరిధిలోనే ఉంది. దాని మీద నిఘా పెట్టడమే ఎవరి పనీ కాకుండా పోయింది.

నిజానికి ఈ కొండల్లో బలహీనుడి పక్షాన నిలిచే చట్టం కొత్తది కాదు. మైదానం నుంచి వచ్చిన షావుకార్లు ఉప్పు, బట్ట అప్పిచ్చి పంటనూ, ఆనక భూమినీ పట్టుకుపోతుంటే, 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ చట్టం తెచ్చింది. గిరిజనుడి అప్పుపై ఏడాదికి 24 శాతం మించి వడ్డీ చెల్లదు, చక్రవడ్డీ అసలే చెల్లదు, మొత్తం వడ్డీ అసలును దాటకూడదు అంది. 1956లో గిరిజన సహకార సంస్థ (జీసీసీ) పుట్టింది. 1960లో వడ్డీ వ్యాపారుల నియంత్రణ వచ్చింది. అమలు ఎంత అధ్వానంగా సాగినా, వాటి వెనుక ఆలోచన గట్టిది: ఇద్దరూ సమానులు కానప్పుడు బేరాన్ని వాళ్లిద్దరికే వదిలేయకూడదు.

2019 వినియోగదారుల చట్టంలో ఈ పట్టు సడలింది. బిల్లు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి అంటుంది. పాడు సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోవాలంటుంది. కానీ ఈ వారం ఇక్కడ అమ్మినవాడు వచ్చే వారం ఏ సంతలో ఉంటాడో! ఇంటికొచ్చే డైరెక్ట్ సెల్లింగ్ ఏజెంటుకు గుర్తింపు కార్డు, ముందస్తు అనుమతి ఉండాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. బీమా పాలసీ నచ్చకపోతే 30 రోజుల్లో తిప్పి పంపొచ్చు. ఆ సంగతి పాలసీ కాగితంలో ఉంటుంది. ఇంట్లో కువి భాష మాట్లాడే తాతకు దాన్ని చదివి చెప్పేదెవరు? యూరప్‌లో గుమ్మం దగ్గర అమ్మిన వస్తువును కారణం చెప్పకుండానే 14 రోజుల్లో తిప్పి ఇచ్చేయొచ్చు. వయసు వల్ల తేలిగ్గా లొంగిపోయేవారిని అక్కడి చట్టం విడిగా గుర్తిస్తుంది. మన చట్టంలో ఆ మాట లేదు.

అమ్మేవాడు ఎప్పుడూ పరాయివాడే అనుకోవడమూ పొరపాటే. దాదాపు 32 లక్షల ఖాతాల్లో 6,380 కోట్ల రూపాయల డిపాజిట్లు సేకరించి, తిరిగి చెల్లించకుండా చేతులెత్తేసిన అగ్రిగోల్డ్‌కు ఏజెంట్లు చాలాచోట్ల ఇరుగుపొరుగువారే. అక్కడా పనిచేసింది మొహమాటమే.

కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామ సంతల నిర్వహణను, గిరిజనులకిచ్చే అప్పులపై అదుపును పంచాయతీలకు, గ్రామసభలకు అప్పగించమంది. మన రాష్ట్రంలో నిబంధనలు 2011లోనే వచ్చాయి. ఆశీలు వసూలు చేసే చోటే అమ్మకందారు పేరు, ఊరు, ఫోను నంబరు రాయించుకోవడానికి ఒక పుస్తకం చాలు. బిల్లు లేని సరుకుకు, జబ్బు నయం చేస్తామనే మైకుకు చోటు లేదని తీర్మానం చేయొచ్చు. మోసపోయినవారి తరఫున జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసే బాధ్యత గ్రామ సచివాలయ ఉద్యోగికి అప్పగించవచ్చు. పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), స్థానిక పంచాయతీ ముందుగా ఈ ఒక్క సంతలో మొదలుపెట్టాలి.