ఒండ్రు యాడ ఆగిపోయింది?

మా కర్నూలోళ్లకు సముద్రం అంటే ఒక టూరు. ఎండాకాలంలో బస్సెక్కి సూర్యలంకో, మైపాడో పోయి, కాళ్లు తడుపుకుని రావడమే. పోయిన వారం ఆఫీసు క్యాంటీన్‌లో మా టీమ్‌లోని కైకలూరు కుర్రాడు "సముద్రం సంగతి మీ సీమోళ్లకేం తెలుసన్నా" అన్నాడు. రోషం వచ్చింది. "మా ఇంట్లో నేలే సముద్రం రా" అన్నాను. వాడు జోక్ అనుకుని నవ్వాడు. నేను నిజమే చెప్పాను.

కడప బండలు, బేతంచర్ల బండలు మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి. వంటింటి గట్టుకో, మెట్లకో, అలమర అరలకో వేసుంటారు. అవి సున్నపురాయి. ఒకప్పుడు సీమ మీద సముద్రం ఉండేది. దాని అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని గట్టిపడితే ఆ రాయి అయింది. అందుకే పలుగు పెడితే పలకలు పలకలుగా లేస్తుంది. వేంపల్లె వైపు సున్నపురాళ్లలో సూక్ష్మజీవులు కట్టిన ఉల్లిపాయ పొరల్లాంటి ఆకారాలు కూడా కనిపిస్తాయి. స్ట్రోమటోలైట్లు అంటారు. వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లు!

దానితో పోలిస్తే మావాడి కైకలూరు కథ నిన్నమొన్నటిది. సుమారు 20 వేల ఏళ్ల కిందట లోకంలో ఇప్పటికన్నా చాలా ఎక్కువ నీళ్లు మంచుగా గడ్డకట్టి ఉన్నాయి. సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్లు కిందికి ఉండేది. మంచు కరిగేకొద్దీ సముద్రం మీదికి వచ్చింది. ఒడ్డునున్న మడ అడవులు మునిగాయి. ఆకులు, వేర్లు మట్టి కింద గాలి ఆడక, పూర్తిగా కుళ్లక, నల్లటి పొరలుగా మిగిలాయి. వీటినే పీట్ అంటారు. బోరు వేసి ఆ మట్టిని పైకి తీసి, అందులోని కార్బన్‌ని కొలిస్తే అది ఏ కాలం నాటిదో తెలుస్తుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో అది సముద్రం రాసిపెట్టుకున్న లాగ్ ఫైల్.

సుమారు ఏడు వేల ఏళ్ల కిందటికి ఆ పెరుగుదల చాలావరకు నెమ్మదించింది. అప్పటికి తీరం కొల్లేరు దాకా వచ్చేసింది. కొల్లేరు అప్పుడు సముద్రపు కయ్య. ఆ తర్వాత పని నదులది. కృష్ణా, గోదావరి ఏటా ఒండ్రు తెచ్చి పోస్తుంటే సముద్రం వెనక్కి జరిగింది. ఇప్పుడు కొల్లేరు నుంచి ఒడ్డుకు 30 కిలోమీటర్ల పైమాటే. మధ్యలో పాత ఒడ్డుల ఆనవాళ్లుగా ఇసుక దిబ్బలు వరసలుగా మిగిలాయి. కొల్లేటి నీళ్లను సముద్రంలో కలిపే కాలువ పేరు ఇప్పటికీ ఉప్పుటేరే.

అంటే డెల్టా ఒక పందెం. సముద్రం పెరిగే వేగం కన్నా ఒండ్రు వచ్చే వేగం ఎక్కువైతే నేల గెలుస్తుంది. లేకపోతే సముద్రం గెలుస్తుంది.

ఇక్కడే మా కర్నూలు కథలోకి వస్తుంది. శ్రీశైలం జలాశయం కట్టినప్పటి సామర్థ్యం 308 టీఎంసీలు. తర్వాతి సర్వేల ప్రకారం 215 చిల్లర. మిగతా 92 టీఎంసీల చోటు పూడికకు పోయింది. సరదాకి లెక్కేశాను. మీటరు మందాన పరిస్తే 2,600 చదరపు కిలోమీటర్లు! అదంతా డెల్టాకే చేరేదని కాదు. అక్కడొక్కచోటే ఆగిందనీ కాదు, పైన కర్ణాటకలో, కింద సాగర్‌లో కూడా ఆగుతోంది. ఇటు కృష్ణా డెల్టా అంచున కొన్నిచోట్ల అలలు నేలను కోసేస్తున్నాయి. అటు సముద్రమట్టం మళ్లీ పెరుగుతోంది. ఈసారి కారణం మనమే, భూమిని వేడెక్కిస్తున్నాం.

అలాగని డ్యామ్ వద్దంటానా? అనలేను. పోతిరెడ్డిపాడు నుంచి నీళ్లు రాకపోతే మా పక్క పొలాల గతేంటో నాకు తెలుసు. కానీ ఏటా నీళ్ల పంచాయితీలో మనం టీఎంసీలే లెక్కపెడతాం. ఒండ్రు లెక్క ఎవరూ అడగరు. పూడిక వల్ల మాకు నిల్వ నీళ్లు తగ్గుతున్నాయి, వాళ్లకు నేల తగ్గుతోంది. నష్టం ఇద్దరిదీ. నీళ్ల కోసం కొట్టుకునే రెండు ప్రాంతాలూ కలిసి అడగాల్సిన విషయం ఇదొక్కటైనా ఉంది.

2009 అక్టోబర్లో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. నీళ్లు పోయాక ఇంట్లో మోకాటి లోతు బురద. అమ్మ, నేను మూడు రోజులు పారలతో ఎత్తిపోశాం. కింద కడప బండ కనబడ్డాక అమ్మ కూలబడి ఏడ్చింది. ఆ బురదను అప్పుడు శని అనుకున్నాను. క్యాంటీన్‌లో ఇదంతా చెబితే మా కైకలూరోడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అన్నా, అది మాకు రావాల్సిన మట్టి."