ప్రశ్నించే కుర్చీ ఎవరిది?

'మీలో ఎవరు కోటీశ్వరుడు' 2014లో మొదలైనప్పుడు ప్రశ్నలడిగింది నాగార్జున. తరువాత చిరంజీవి. 2021లో, పేరు కాస్త మారిన రూపంలో, జూనియర్ ఎన్టీఆర్. వారి ప్రతిభతో నాకు పేచీ లేదు. అయితే ఆ కుర్చీ అగ్రకథానాయకులదే ఎందుకు కావాలి? ఆ స్థాయికి చేరిన తెలుగు కథానాయకులలో దళితులెందరో, ఆదివాసులెందరో వెతికి చూడండి.

ఎదుటి కుర్చీలో కూలి బిడ్డకు చోటుంది. అక్కడ అతడు తన పేదరికాన్ని చెప్పుకోవాలి, కన్నీరు తుడుచుకోవాలి. ఓదార్పు వ్యాఖ్యాత వంతు.

మన ఊళ్లలో ప్రకటనకర్త ఎవరు? డప్పు కొట్టి చాటింపు వేసిన మాదిగ. గొంతు అతడిది, మాట పెత్తందారుది. ప్రకటన వెట్టిగా ఉన్నంతకాలం అది అతడి కులధర్మం. కీర్తి, పారితోషికం వచ్చి చేరాక అతడక్కడ కనబడడు. (1994లో పుట్టిన మాదిగ ఉద్యమం ఆ దండోరానే సొంత మాటకు వాడుకున్నది.)

అమెరికాలో 'జెపర్డీ' క్విజ్‌లో 2004లో వరుసగా 74 ఆటలు గెలిచిన కెన్ జెన్నింగ్స్ నటుడు కాదు, పోటీదారు. చిరకాల వ్యాఖ్యాత అలెక్స్ ట్రెబెక్ 2020లో మరణించిన తరువాత, ప్రశ్నించే స్థానం జెన్నింగ్స్‌కు దక్కింది.

మన తెర మీద ఆ కుర్చీలో ఒక గురుకుల పాఠశాల ఉపాధ్యాయురాలిని ఊహిస్తాను. వ్యాఖ్యాత మారితే ప్రశ్నలూ మారతాయి. కారంచేడు ఏ సంవత్సరం? 1985. చుండూరు? 1991. ఆ ప్రశ్నలకు ఎందరు లైఫ్‌లైన్ అడుగుతారో చూడాలని ఉంది.