డిపాజిట్ తుపాకీకి నూనె రాసేదెవరు?

ఎన్నికల కోడ్ కూయగానే లైసెన్సు తుపాకులు స్టేషన్ దారి పడతాయి. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ మే 13న, లెక్కింపు జూన్ 4న. ఫలితాల తర్వాత వారం దాకా ఆయుధం తిరిగి ఇవ్వనక్కర్లేదు. బ్యాంకు గార్డుల్లాంటి వారికి మినహాయింపు దొరుకుతుంది గానీ, అప్పగించినవాళ్ళ డబుల్ బ్యారెళ్ళు వేసవంతా స్టేషన్‌లోనే ఉంటాయి. బెజవాడ ఎండ ఎంత మండినా కృష్ణా డెల్టా ఉక్కపోతలో తేమకు కరువు లేదు. ఇక బందరు వైపైతే సముద్రపు ఉప్పుగాలి తోడు.

ఇనుముకు ఈ కాపలా చాలదు.

దానికి కావాల్సింది గొట్టం లోపల శుభ్రం చేసే పుల్‌త్రూ. అది పెద్ద యంత్రమేమీ కాదు. ఒక కొసకు ఇత్తడి బరువు, మరో కొసకు గుడ్డ దూర్చే కన్ను ఉన్న తాడు. పాత .303 రైఫిళ్ళ బట్‌లో చిన్న అర ఉండేది, అందులోనే పుల్‌త్రూ, నూనె సీసా దాచేవారు. బరువును చాంబర్‌లోంచి జారవిడిచి, మూతి దగ్గర అందుకుని ఒక్క ఊపున లాగాలి. మొదట సాల్వెంట్‌లో తడిపిన గుడ్డ. మసి నానడానికి కాసేపు ఆగి, తర్వాత పొడి గుడ్డలు, అవి తెల్లగా వచ్చేదాకా. చివరికి పల్చగా నూనె. తాడును వంకరగా లాగే అలవాటుంటే మాత్రం మూతి అంచు అరిగి గురి చెడుతుంది.

నూనె ఒక్కటే చాలనుకోవడమూ పొరపాటే. పాతకాలపు తూటాల ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక గొట్టంలో మిగిలే పొటాషియం క్లోరైడ్ నూనెలో కరగదు, పైగా తడిగాలి తగిలితే తుప్పు పుట్టిస్తుంది. బ్రిటిష్ సైనికులు గొట్టంలో వేడినీళ్ళు పోసింది అందుకే. ఇప్పటి తూటాల్లో ఆ బెడద దాదాపు లేదు, తేమ మాత్రం అలాగే ఉంది.

‘శుభ్రం చేస్తుండగా తుపాకీ పేలింది’ అన్న వార్త అప్పుడప్పుడూ కనిపిస్తుంది. చాంబర్‌లో తూటా ఉంటే అటునుంచి తాడు జారనే జారదు. అంటే శుభ్రం చేయడం మొదలుకాక ముందే తప్పు జరిగిపోయింది: తూటాలు తీశారో లేదో ఎవరూ చూడలేదు. ఆయుధ నియమాలు 2016 లైసెన్సు కోరేవారికి భద్రతా శిక్షణ తప్పనిసరి చేశాయి. ఆ శిక్షణ కాగితం దాటి చేతివేళ్ళకు ఎక్కిందా అన్నది వేరే ప్రశ్న.

ఆయుధం అప్పగించమనే అధికారం ప్రభుత్వానిది. ముట్టిన స్థితిలో తిరిగివ్వాల్సిన పూచీ కూడా దానిదే కావాలి. అప్పగించే రోజున తూటాలు లేవని సిబ్బంది సరిచూశాక, యజమాని వాళ్ళ ఎదుటే పుల్‌త్రూ లాగి నూనె రాయాలి. గొట్టం లోపల ఎలా ఉందో రసీదులో ఓ ముక్క రాయాలి. నెలకోసారి ఆర్మ్‌డ్ రిజర్వ్ ఆర్మరర్ వచ్చి చూసిపోవాలి. గుడ్డా నూనే యజమానే తెచ్చుకుంటాడు. స్టేషన్ ఇవ్వాల్సిందల్లా రైటర్ బల్ల పక్కన కాస్త చోటు, ఓ పది నిమిషాల ఓపిక.