ఘంటసాల గీత

బాల్యమున మా యింట గ్రామఫోను ప్రక్కనుండిన రికార్డులలో నాకు మిక్కిలి ప్రియమైనవి రెండు: కరుణశ్రీ పద్యములకు ఘంటసాల ప్రాణముపోసిన ‘పుష్పవిలాపము’, ఆయన మరణానంతరము వెలువడిన ‘భగవద్గీత’. మొదటిది విన్నపుడెల్ల పూవు కోయఁబోవు చేయి జంకెడిది. రెండవదాని మహిమ వేఱు. విజయనగర సంగీత కళాశాలలో శాస్త్రము నభ్యసించి, చలనచిత్రములలో అశేషకీర్తి నార్జించి, 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసిన ఆ గాయకుఁడు, గీతయందలి 700 శ్లోకములనుండి ఏఱిన వానిని రాగయుక్తముగా పాడి, వెనువెంటనే తెలుఁగు తాత్పర్యమును, పెద్దదిక్కైన తాత మనుమనికి బోధించునట్లు, నెమ్మదిగా వినిపించుటచేతనే, సంస్కృతమెఱుఁగని గృహములలో సయితము అర్జునుని విషాదము మన విషాదమైనది. అట్టి కృతిని నేడు మనము శవవాహనముల పాలు చేసితిమి. ఆ కంఠము వినఁబడఁగనే ఎవరు పోయిరని వీధివారు అడుగుచున్నారు. ఇది గాయకునకును గీతకును మనము చేయుచున్న అపచారమని నా దృఢాభిప్రాయము. ఏలయన, అస్త్రము విడిచి కూలఁబడిన వానిని లేపి నిలుపుటకు పుట్టిన ఆ వాక్కు బ్రతికియున్న వారిది. పాఠకులారా, ఏదేని శుభదినమున పిల్లలను చెంతఁ గూర్చుండఁబెట్టుకొని, మొదటి శ్లోకమునుండి తుదివఱకు ఒక్కమాఱైనను దానిని వినుఁడు.