మొగ్గలు మొగలైన వైనం

ఇంటికి గడపా, పుస్తకానికి అట్టా, పెళ్ళికి శుభలేఖా ఎలాంటివో ఈనాటి వెబ్‌సైటుకు నెత్తిన ఉండే పట్టీ అలాంటిది. దాన్ని హెడ్డరు అంటారు. పిల్లలందరూ అదే మాట వాడుతున్నారు కనుక నేనూ అదే అంటాను. లోపల ఎంత సరుకున్నా, వచ్చినవాడి చూపు మొదట పడేది దాని మీదనే. గడప దగ్గరే కాలు జారినవాడికి లోపల ఎన్ని మర్యాదలు చేసి ఏం లాభం?

సంగారెడ్డిలో తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు ఈ గొడవ ఎందుకు వచ్చిందంటే, మా కాలేజీలో పిల్లలు చాలా ఏళ్ళుగా ఒక గోడపత్రిక నడుపుతున్నారు. పేరు ‘మొగ్గలు’. మెట్ల పక్క బోర్డు మీద కథలూ కవితలూ అతికించడం, వారం తిరిగేసరికి ఎవరో ఓ మూల చింపడం - ఇదీ దాని చరిత్ర. ఈ ఏడు దాన్ని ఇంటర్నెట్టులో పెట్టాలని పిల్లలకు బుద్ధి పుట్టింది. ప్రిన్సిపాలుగారు సరేనన్నారు. హెడ్డరు సంగతి మాత్రం “మీ తెలుగు సారు చూసుకొంటారు” అని నా మీద పెట్టారు. ఎమ్మే తెలుగు చదివినవాడికి అక్షరాలతో పని ఒక లెక్కా అని ఆయన ఉద్దేశం కాబోలు.

రెండో సంవత్సరం కుర్రవాడొకడు సహాయానికి వచ్చి నాకే పాఠం మొదలుపెట్టాడు. బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేరుల్లో పేరు మోసింది ఫోటోషాప్. థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు తయారుచేయగా 1990లో అమ్మకానికి వచ్చింది. దానికి డబ్బు కట్టాలి. గింప్ అని మరొకటి ఉంది. అమెరికాలో బర్క్‌లీలో చదువుకొనే ఇద్దరు విద్యార్థులు 1995లో మొదలుపెట్టింది. అది అందరికీ ఉచితం. రెండింటి కిటుకూ ఒకటే - పొరలు. గాజుపలకల మీద తలా ఒక బొమ్మా వేసి, దొంతిగా పేర్చి పైనుంచి చూస్తే అంతా ఒకే బొమ్మగా కనిపిస్తుంది గదా? ఇదీ అంతే. రంగు ఒక పలక మీద, అంచు ఒక పలక మీద, అక్షరాలు ఒక పలక మీద. అక్షరం నచ్చకపోతే ఆ ఒక్క పలకే తుడుచుకోవచ్చు, అంచు చెడదు.

ఇక ఏ అక్షరాలు వాడాలి? కుర్రవాడు జాబితా తెరిచాడు. చూసి కుర్చీలోంచి లేచినంత పనిచేశాను. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, సూరన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ - అష్టదిగ్గజాలూ కొలువుతీరి ఉన్నారు! శ్రీకృష్ణదేవరాయలూ ఉన్నాడు. అమెరికాలోని మనవాళ్ళ సంస్థ సిలికానాంధ్ర వెలువరించిన ఫాంట్లట ఇవి. గూగుల్ వారి దగ్గర ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు. ఇన్నేళ్ళుగా నేను పరీక్షల్లో అడుగుతున్న పేర్లను ఆ కుర్రవాడు ఒక్కొక్కటే నొక్కి చూసి, “రామభద్రుడు బాగా ఒత్తుగా ఉన్నాడు సార్, హెడ్డింగుకు ఈయనే కరెక్టు” అని తేల్చేశాడు. పరీక్షలో ఇంత చక్కగా ఎన్నడూ రాయలేదు.

ముందు ఎవరో ఇచ్చిన ఒక పాత సాఫ్ట్‌వేరుతో పని ప్రారంభించాం. ‘మొగ్గలు’ అని కొడితే ‘మొగ్‌గలు’ అని పడింది. పొల్లు నెత్తికెక్కి కూర్చుంది, వత్తు కిందికి దిగనంటుంది. దీని కారణం తెలుసుకోదగినది. కంప్యూటరు మన ‘గ్గ’ను ఒకే అక్షరంగా దాచుకోదు. గ, పొల్లు, మళ్ళీ గ - మూడు సంకేతాలుగా దాచుకొంటుంది. ‘స్త్రీ’ అయితే ఆరు. యూనికోడులో తెలుగుకు ఉన్న ఏర్పాటు ఇదే. ఆ ముక్కలను చూసి, ఇది వత్తు, కిందికి దిగాలి అని కలిపే పని సాఫ్ట్‌వేరుది. ఆ కలిపే తెలివి లేని పాతదానికి, సంధి సూత్రం రాని విద్యార్థికి మల్లే, అన్నీ విడివిడిగానే కనిపిస్తాయి. గింప్‌లోకి మారగానే వత్తు బుద్ధిగా కిందికి దిగింది.

వెడల్పు 1920 చుక్కలు, ఎత్తు 400 చుక్కలు పెట్టి, కుర్రవాడు అలంకారం మొదలుపెట్టాడు. ఉదయించే సూర్యుడు, తెరిచిన పుస్తకం, నెమలి ఈక, దీపం, తామరపూవు, అక్షరాల చుట్టూ మెరుపు, ఆ మెరుపుకు నీడ! ఇంటికి తీసుకువెళ్ళి చూపిస్తే మా ఆవిడ, “ముహూర్తం ఎన్నింటికండీ?” అని అడిగింది. అయినా మాకు మనసొప్పక అలాగే ఎక్కించాం.

మర్నాడు ఇద్దరు ఆడపిల్లలు స్టాఫ్‌రూముకు వచ్చారు. “సార్, మా కథలు మాకు వాపసు ఇచ్చేయండి.”

“ఏమమ్మా?”

“పత్రిక మొగలదట కదా సార్!”

తెరిచి చూద్దును గదా, ‘మొగలు’ అనే ఉంది. అక్షరాలను అడుగు అంచుకు ఆనించి పెట్టాం. పేజీలో ఆ పట్టీకి ఇచ్చిన చోటు పొట్టిదై అడుగుభాగం కోసేసింది. గ వత్తు కాస్తా ఎగిరిపోయింది. చరిత్ర చెప్పే మిత్రుడు మాత్రం ఢిల్లీ దర్బారు మీద ప్రత్యేక సంచిక కాబోలనుకొన్నాడట.

అప్పుడు గుర్తుకు వచ్చాడు, మా గోడపత్రికకు తొలి బోర్డు రాసిన పెయింటరు. పటాన్‌చెరులో 65వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉంటాడు. ఒకప్పుడు ఫ్యాక్టరీ గేట్ల మీద పేర్లూ, ‘పొగ త్రాగరాదు’లూ, లారీల వెనక పూలతీగెలూ ఆయన చేతివే. ఫ్లెక్సీలు వచ్చాక కుంచె పక్కన పెట్టి ఒక గోదాము దగ్గర కాపలా ఉంటున్నాడు. నా ఫోనులో హెడ్డరు చూసి ఆయన నవ్వలేదు.

“ఇంగ్లీషుకు రెండు గీతలు గీస్తె నడుస్తది సారూ. మనదానికి నాలుగు గీయాలె. మీద గుడికి జాగ, కింద వత్తుకు జాగ. గది ఇడువకుంటె అచ్చరం ఊపిరాడక సస్తది” అన్నాడు. మళ్ళీ కాసేపు చూసి, “ఇన్ని బొమ్మలెందుకు? ఎండల నిలవడి చూడుండ్రి, పేరు కానొస్తదా?” అన్నాడు.

ఎండలో నిలబడి చూశాను. కనిపించలేదు. లెక్క వేస్తే కారణం తెలిసింది. 1920 చుక్కల పట్టీ 360 చుక్కల ఫోనులోకి కుదించుకుపోతే, 400 ఎత్తు 75కు పడిపోతుంది. 120 చుక్కల అక్షరం 22 అవుతుంది. అందులో సూర్యుడూ, నెమలి ఈకా, నీడా! రంగుకూ రంగుకూ మధ్య వెలుగు తేడా పెద్ద అక్షరాలకు కనీసం మూడింతలు, చిన్నవాటికి నాలుగున్నర ఇంతలు ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. మా నారింజ మీది పసుపు అందులో సగమైనా ఉన్నట్టు లేదు.

సూర్యుడు అస్తమించాడు, దీపం ఆరింది. సిద్దిపేట గొల్లభామ చీర అంచును తలచుకొని ఒక సన్నని అంచు మాత్రం ఉంచాం. 2016 దాకా సిద్దిపేట కూడా మా ఉమ్మడి మెదక్ జిల్లాలోదే గదా. ముదురు ఎరుపు మీద తెల్ల అక్షరాలు. కింద చేరెడు జాగా. అంతా బాగుందనుకొన్నాం.

మొదటి సంవత్సరంలో చూపులేని విద్యార్థి ఒకడున్నాడు. తొలి సంచికలో అతని కవిత పడింది. పేజీని చదివి వినిపించే ఏర్పాటు అతని ఫోనులో ఉంది. నా దగ్గరే కూర్చుని తెరిచాడు. ఫోను గొంతు, “హెడ్డర్ ఫైనల్ టూ, గ్రాఫిక్” అన్నది. అతను వేలితో మళ్ళీ తాకాడు. మళ్ళీ అదే. “సార్, పత్రిక పేరు లేదా?” అని అడిగాడు.

నాకు నోట మాట రాలేదు. ఇన్నాళ్ళూ మేం అక్షరాలు రాయలేదు. అక్షరాల బొమ్మ వేశాం. బొమ్మను ఫోను చదవలేదు, వెతికినవాడికీ అది దొరకదు. ఆ సాయంత్రమే కుర్రవాడు అంచును మాత్రమే బొమ్మగా ఉంచి, ‘మొగ్గలు’ అన్న పేరును దాని మీద నిజమైన అక్షరాలుగా, రామభద్ర ఫాంటులోనే కూర్చాడు. ఫోను చిన్నదైతే అక్షరం దానికి తగ్గట్టు అమరుతుంది. అంచు బొమ్మ వెనక కూడా ‘గొల్లభామ అంచు’ అని ఒక మాట రాసిపెట్టాడు.

ఇప్పుడు ఫోను “మొగ్గలు” అని స్పష్టంగా పలుకుతున్నది, వత్తుతో సహా. ఆ విద్యార్థి ఒకటికి రెండుసార్లు విన్నాడు. తరవాత తన కవిత విన్నాడు.

పోయిన ఆదివారం పెయింటరుకు చూపించాను. ఆయన బొటనవేలు గోటితో గ వత్తు కింద జాగా కొలిచి, “ఇడిచిన్రు” అన్నాడు. అంతకు మించి మెచ్చుకోలేదు. నేను పేపర్లు దిద్దేటప్పుడు అంతమాత్రం కూడా అనను.